నా చేతికే నిలిచిన పరమాణువులు

బెంగళూరు,
మార్చి, మొదటి ఆదివారం.

కుమార బావకు,

ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం కూర్చొని చదువు. మిల్లులో పత్తి బేళ్ళ మధ్య నిలబడి, పక్కనుంచి రంగన్న తొంగి చూస్తుంటే చదవొద్దు. చదవడం అయ్యాక స్టేషన్‌కు పరుగెత్తొద్దు. ఫోన్లో చెప్పకుండా కాగితం మీద రాస్తున్నది అందుకే. ఫోన్లో అయితే సగం మాట వినకముందే "ఎవడు వాడు? పేరు చెప్పు" అంటూ చెప్పులేసుకుంటావు. నాకు తెలియదా నీ సంగతి? నీ మరదల్ని, నీ పెళ్ళాన్ని, రెండు విధాలా నీ చేతిలో పడినదాన్ని.

ఆదోనిలో ఆ డిగ్రీ కాలేజీ వాళ్ళు ఫిజిక్సు లెక్చరర్ కావాలని అడిగారు కదా. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించాను. వస్తానని చెప్పేస్తాను. ఇక్కడ పీహెచ్‌డీ మానేస్తున్నాను.

నువ్వు ఇప్పుడు నవ్వుతూ ఉంటావని తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచి నెలకోసారి రైలెక్కి రావడం, ఆదివారం సాయంత్రం మొహం వేలాడేసుకొని పోవడం, ఇదంతా తప్పుతుందని నీ సంతోషం. నవ్వు, కాదనను. కానీ నీ మీద బెంగతో వస్తున్నానని మాత్రం అనుకోవద్దు. బెంగ ఉంది, అది వేరే సంగతి. నన్ను ఇక్కడ అబద్ధాలకోరు అనుకుంటున్నారు బావా. అందుకని వస్తున్నాను.

మొదట్నుంచీ చెబుతాను. నా పని ఏమిటని అడిగినప్పుడల్లా నీకు ఆవులింతలు వస్తాయి, ఈసారి మాత్రం ఓపిక పట్టు. ఒక గాజు పెట్టె ఉంది, నీ రెండు అరచేతులు కలిపినంత. అందులో గాలి కూడా లేకుండా తోడేసి, రుబీడియం అనే లోహపు ఆవిరి కొద్దిగా వదులుతాం. ఆ పరమాణువులు మామూలుగా తుపాకీ గుండ్లలా పరుగెత్తుతుంటాయి. వాటి మీద అన్ని వైపుల నుంచి లేజర్ కాంతి వేస్తే పరుగు తగ్గి, తగ్గి, దాదాపు నిలబడిపోతాయి. పరుగు తగ్గడమంటేనే చల్లబడటం. ఈ లోకంలో ఏ మంచుకొండ మీదా లేనంత చల్లన. కెమెరాలో చూస్తే చిన్న తెల్లటి మచ్చ, మీ మిల్లులో గాలికి లేచి ఆగిన పత్తి పింజలాగా కనిపిస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఏడ్చాను. నీకు చెప్పలేదు, ఎగతాళి చేస్తావని.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, ఆ పరమాణువుల్లో రెండు బాగా దగ్గరికి వచ్చి ఢీకొంటే వాటికి ఎక్కడలేని ఊపు వచ్చి బయటికి పారిపోతాయి. చూస్తుండగానే మచ్చ కరిగిపోతుంది. అవి ఢీకొనకుండా చూడటమే మా పని. దానికి ఇంకో లేజర్ వేస్తాం. దాని రంగు సరిగ్గా కుదిరితే, రెండు దగ్గరికి రాబోతుంటే ఆ కాంతే వాటిని వెనక్కి తిప్పి పంపేస్తుంది. రంగు ఒక వెంట్రుకవాసి ఇటు జరిగితే దూరం నెడుతుంది, అటు జరిగితే ఇంకా గట్టిగా ఢీకొట్టిస్తుంది. కంటికి ఆ తేడా తెలియదు, కొలిచే పరికరానికే తెలుస్తుంది. కొట్టుకోవాలా వద్దా అన్నది మన చేతిలోని మీట మీద ఉంటుందన్నమాట. ఇలాంటి మీట మన రెండిళ్ళ ఆడవాళ్ళ మధ్య పెట్టి ఉంటే మన పెళ్ళి ఇంకో ఏడాది ముందే అయ్యేది.

ఆ మచ్చ నా చేతికి నిలిచింది బావా. పొద్దున షిఫ్టు నాది. రెండో లేజర్ వేస్తే కరగకుండా ఉంది. మరుసటి రోజూ ఉంది. హాస్టల్లో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. మా గైడ్ మేడమ్ కూడా "వెల్‌డన్ శోభా" అని భుజం తట్టింది. ఆమె భుజం తట్టడమంటే మామూలు విషయం కాదు.

మధ్యాహ్నం షిఫ్టు బసన్నది. సిరుగుప్ప దగ్గర ఊరు అతనిది, నాకంటే సీనియర్. ఈ ఊళ్ళో మన యాసలో మాట్లాడే మనిషి అతనొక్కడే కాబట్టి అన్నా అన్నా అని తిరిగేదాన్ని. అతని చేతికి మచ్చ నిలవలేదు. మామూలు కంటే త్వరగా కరిగిపోయింది. నేను చేసే పని వరస అంతా రాసిచ్చాను, అది చూసుకుంటూ చేశాడు. రాలేదు. వేరే వాళ్ళు చేశారు. వాళ్ళకూ రాలేదు. మళ్ళీ పొద్దున నేను చేస్తే వచ్చింది. వారాల తరబడి ఇదే తంతు.

పోయిన సోమవారం మీటింగులో బసన్న అందరి ముందూ అన్నాడు, "మేడమ్, శోభ ఒక్కతే ఉన్నప్పుడే వస్తోంది. ఆమె రీడింగులు నేను ఒకసారి చూడాలి" అని. తల కొట్టేసినట్టయింది. అయినా అది భరించాను. మీటింగ్ అయ్యాక మేడమ్ నన్ను గదికి పిలిచి, తలుపు వేసి, ఎంతో మెత్తగా అడిగింది, "బాగాలేని రీడింగులు ఏమైనా తీసేస్తున్నావా? అలా జరుగుతుంటుంది, భయపడకుండా చెప్పు" అని. గట్టిగా అరిచి అడిగినా ఇంత నొప్పి ఉండేది కాదు. తప్పు చేసినదాన్ని ఓదార్చినట్టు అడిగింది. లేదు మేడమ్ అన్నాను. సరే అంది. ఆ సరేలో నమ్మకం లేదు.

నేనొక్క రీడింగ్ కూడా తీసెయ్యలేదు. ఇది నీకు చెప్పాల్సిన అవసరం లేదని తెలుసు, అయినా రాస్తున్నాను. మనుషులు నన్ను అలా చూస్తుంటే ఆ గదిలోకి పోబుద్ధి కావడం లేదు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటాను, నీకు జొన్నరొట్టె కాల్చి పెడతాను, హాయిగా ఉంటాను. ఇక్కడ మాత్రం ఉండలేను.

మా ఇంట్లో చెప్పొద్దు. మా అమ్మకు ఇందులో ఒక్క ముక్కా అర్థం కాదు గానీ, నేను ఏడ్చానన్నది మాత్రం వెంటనే అర్థమైపోతుంది.

నీ
శోభ


ఆదోని,
శుక్రవారం.

మా ఇంటి సైంటిస్టుకు,

కూర్చొనే చదివినాను. లేచి చెప్పులు కూడా వేసుకున్నాను. మా అమ్మ అడ్డం వచ్చింది. "యాడికిరా, అన్నం తినకుండా?" అంది. నీ కోడల్ని దొంగను చూసినట్టు చూస్తున్నారంట, బెంగళూరుకు పోతున్నా అన్నాను. అమ్మ చీపురు కింద కూడా పెట్టకుండా, "నువ్వు పోయి ఆ బసన్నను కొడితే శోభ దొంగ కాదని తేలుతాదా? గమ్మున కూసో" అంది. కూర్చున్నాను. మా అమ్మ లక్ష్మమ్మ గారి కోర్టులో అప్పీలు లేదని నీకు తెలుసు కదా.

నిజం చెబుతాను. నువ్వు వచ్చేస్తున్నా అన్న వాక్యం చదవగానే నేను ఆ కాగితం పక్కన పెట్టేసినాను. మిగతాది చదవకముందే కాలేజీకి దగ్గర్లో ఇల్లు చూడాలని, నీకు స్కూటీ కొనాలని, అన్నీ అనేసుకున్నాను. అంత సంతోషం. తర్వాత మిగతాది చదివితే అదంతా చేదైపోయింది. నువ్వు రావడం నాకు కావాలి శోభా. కానీ ఇట్లా కాదు. చెయ్యని తప్పుకు తలవంచుకొని నువ్వు ఈ ఇంట్లోకి వస్తే, నీ ముఖం చూసినప్పుడల్లా నాకు ఆ మేడమ్ ముఖమే కనిపిస్తుంది. నాకు నువ్వు కావాల, నీ ఓటమి నాకెందుకు?

ఇంకో మాట చెబుతాను, కోప్పడొద్దు. రాత్రంతా బసన్నను తిట్టుకున్నాను. పొద్దున మిల్లుకు పోతే చిప్పగిరి నుంచి పత్తి బండ్లు వచ్చినాయి. నేను చేసే పని ఏంది? మూటలో మోచేయి దాకా చెయ్యి పెట్టి, లోపలి పత్తి పైకి లాగి చూడటం. పైన తెల్లగా పెట్టి లోపల తడిపి తెచ్చే వాళ్ళు ఉంటారు కాబట్టి. రైతు పక్కనే నిలబడి ఉంటాడు, "నన్ను నమ్మవా అప్పా?" అంటాడు. నమ్ముతా, అయినా చూస్తా అంటాను. అతనికి నొప్పిగానే ఉంటుంది. మంచి పత్తి అని తేలినాక అతనికి ఎవరికీ రాని రేటు నేనే మాట్లాడి ఇప్పిస్తాను. బసన్నది కూడా నా పనే కదా అనిపించింది. చెయ్యి పెట్టి చూడనీ. నీ మూటలో తడి లేదు కదా, నీకెందుకు భయం?

అయినా వాడు నీతో విడిగా చెప్పుంటే బాగుండేది. అందరి ముందూ అనడం నాకు నచ్చలేదు. అది నాకు గుర్తుంటుంది.

కాలేజీ వాళ్ళకు ఇప్పుడే ఏమీ చెప్పొద్దు. నాలుగు రోజులు సెలవు పెట్టి రా. స్టేషన్‌కు వస్తాను, ఉగ్గాని, బజ్జీలు తినిపించి ఎమ్మిగనూరులో మీ అమ్మ దగ్గర వదిలిపెడతాను. నాకు దేవనకొండ వైపు పత్తి కొనుగోలు ఉంది, రెండు రోజులు ఊళ్ళో ఉండను. నువ్వు అక్కడ తిని పడుకో. పుస్తకం తెరవొద్దు. తర్వాత కూడా మానెయ్యాలనే అనిపిస్తే అప్పుడు నేనే వచ్చి నీ పెట్టె మోసుకొస్తాను.

నీ
కుమారస్వామి


బెంగళూరు,
మార్చి, నాలుగో శనివారం.

కుమార బావకు,

ఇక్కడికి తిరిగొచ్చేటప్పుడు ఆదోని స్టేషన్లో నేను మూగదానిలా కూర్చున్నానని నువ్వు అలిగావు. కిటికీ దగ్గర నిలబడి "నాతో కూడా మాట్లాడవా?" అన్నావు. అప్పుడు నా నోట్లో ఒక సంగతి ఉంది. చెప్పలేదు. చెబితే రైలు కదిలేలోపు ప్లాట్‌ఫారం మీద బజ్జీలవాడి దాకా అందరికీ చెప్పేస్తావు. పైగా అది నిజమో కాదో నాకే తెలియదు. ఇప్పుడు తెలిసింది, అందుకే రాస్తున్నాను.

నువ్వు దేవనకొండ పోయిన రోజు. మా ఇల్లు నీకు తెలుసు కదా, ఎండ ఎలా మాడుస్తుందో కూడా తెలుసు. నాన్న మగ్గం మీద ఉన్నాడు. అమ్మ వంటింట్లో. మా వదిన స్వాతి నడింట్లో ఫ్యాన్ కింద చీర కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. నేను చేటలో కొర్రబియ్యం పోసుకొని రాళ్ళు ఏరడానికి ఆమె పక్కన కూర్చున్నాను. ఒక్క నిమిషానికల్లా వదిన గయ్యిమంది.

"ఏమమ్మా శోభా, నీకేమైనా పిచ్చా? వచ్చినప్పటినుంచి సూస్తాండా, యాడ కూసున్నా ఫ్యాన్ ఆపుతావు! నిన్న సూదిలో దారం ఎక్కిస్తా ఆపితివి. ఇప్పుడు రాళ్ళేరను గూడా ఆపల్లనా? ఈ ఎండకు సావాల్నా మేము?"

"నేనెక్కడ ఆపాను వదినా?" అన్నాను. నిజంగానే అన్నాను. తలెత్తి చూస్తే ఫ్యాన్ ఆగిపోతోంది. స్విచ్చి నా వెనకే, గోడకు. దాని మీద చెయ్యి వేసిన గుర్తే లేదు నాకు.

వంటింట్లోంచి అమ్మ నవ్వింది. "దాని తప్పు కాదులే స్వాతీ. ఇంత పిల్లప్పట్నుంచి నా పక్కన అచ్చు అతికేది. ఫ్యాన్ ఆపకుండా కూసుంటే నేను చేతిమీద కొట్టేదాన్ని. ఆ దెబ్బలు యాడికి పోతాయి?"

నీకు చెప్పాల్సిన పని లేదు, నువ్వూ మగ్గం ఇంట్లో పుట్టినవాడివే. అచ్చు అతకడమంటే పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టడమే కదా, అప్పుడు గాలి తగిలితే పోగులన్నీ చిక్కుపడిపోతాయి. అందుకని ఏ కాలమైనా ముందు ఫ్యాన్ ఆపి, తర్వాత కూర్చుంటాం. లేచేటప్పుడు మళ్ళీ వేస్తాం. సన్నపని అంటే చాలు, నా చెయ్యి నన్నడగకుండానే స్విచ్చి మీదికి పోతుందన్నమాట.

చేట ఒళ్ళో పెట్టుకొని అలాగే ఉండిపోయాను. మా ల్యాబులో లేజర్ బల్ల పైన ఏసీ గాలి పడే గొట్టం ఒకటి ఉంది. దాని స్విచ్చి తలుపు పక్కన, లైట్ల స్విచ్చితో కలిసి. దాన్ని ఎప్పుడూ ఆపకూడదని మేడమ్ రూలు, గది వేడెక్కకూడదని. నేను ఆపుతున్నానా? గుర్తు చేసుకుందామంటే గుర్తు లేదు. పొద్దున షిఫ్టులో చెమట పట్టేదా అని ఆలోచిస్తే, ఓ, పట్టేది. మెడ తుడుచుకోవడానికి తువ్వాలు కూడా పెట్టుకునేదాన్ని. అది టెన్షన్ అనుకున్నాను బావా! చూశావా నీ పెళ్ళాం తెలివి.

వదిన అదేమీ పట్టించుకోకుండా లేచి ఫ్యాన్ వేసుకుంది. ఆమెకు నేను ఇప్పుడు ఒక పట్టుచీర బాకీ, ఎందుకో ఆమెకు తెలియదు.

రైల్లో నాకు రెండు భయాలు. ఒకటి, ఆపడం నిజమే అయినా దానికీ మచ్చ నిలవడానికీ సంబంధం లేకపోతే? రెండోది ఇంకా పెద్దది. ఇది పోయి చెబితే ఎవరు నమ్ముతారు? ఫ్యాన్ ఆపడం మా ఇంటి అలవాటండీ, నాకు తెలియకుండా చెయ్యి పోయిందండీ అంటే, ఇంటికిపోయి మంచి కథ అల్లుకొచ్చింది అనరా? అబద్ధం చెప్పినవాళ్ళు చెప్పే మాటలాగే ఉంది కదా అది. ఇదేమీ చెప్పకుండా కాలేజీలో చేరిపోతే పోతుంది కదా అని కూడా అనుకున్నాను. ధర్మవరం దాటేదాకా అదే ఆలోచన. తర్వాత నీ చేదు సంతోషం గుర్తొచ్చి సిగ్గేసింది.

సోమవారం మీటింగులో అందరి ముందే చెప్పాను. విడిగా చెప్పలేదు. మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"రోజూ ఆపేదానివా?"

"ఆపేదాన్ననే అనుకుంటున్నాను మేడమ్."

"అనుకుంటున్నావా?"

ఎవరో వెనక కిసుక్కుమన్నారు. నా చెవులు మండిపోయాయి. ఆపకూడదని రూలున్నా ఆపానని ఒప్పుకుంటున్నాను, ఆపినట్టు గుర్తులేదనీ అంటున్నాను. నాకే నా మాట అబద్ధంలా వినిపించింది. బసన్న మాత్రం నవ్వలేదు. లేచి నేరుగా ల్యాబులోకి పోయి, గొట్టం కింద నిలబడి చెయ్యి చాచి చూశాడు. ఆ గాలి సరిగ్గా లేజర్ రంగు కొలిచే పరికరం మీద పడుతోంది. ఆగకుండా చల్లగాలి తగులుతుంటే అది చూపించే అంకె పక్కకు జరిగి ఉండొచ్చు. అంటే దూరంగా నెట్టే రంగు పెట్టామనుకొని వీళ్ళంతా ఢీకొట్టించే రంగు పెడుతున్నారేమో. "ఉండొచ్చు" అన్నాడు, అంతే. నా వైపు చూడలేదు.

మేడమ్ అంది, "బసన్నా, నువ్వొక్కడివే చెయ్యి. గాలి ఆపి ఒకసారి, వేసి ఒకసారి, ఇలా మార్చి మార్చి. శోభా, నువ్వు ఆ గదిలోకి పోవద్దు." పోవద్దు అన్నప్పుడు మళ్ళీ ఆ పాత నొప్పి వచ్చింది. కానీ ఆమె చెప్పిందే సరైన పద్ధతి. నేను లేకుండా తేలాలి.

క్యాంటీన్ బయట సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను. టీ తెచ్చుకున్నాను, తాగలేదు. నీకు ఫోన్ చేద్దామని తీసి మళ్ళీ లోపల పెట్టుకున్నాను. ఒకటి మాత్రం గట్టిగా అనుకున్నాను. రాకపోతే రాకపోనీ, నేను దాచలేదు, అంతే చాలు. అనుకున్నాను గానీ, అంతే చాలదని నాకు తెలుసు. రావాలి. దేవుడా, రావాలి అనుకుంటూనే ఉన్నాను.

ఎండ వాలాక బసన్న వచ్చాడు. చొక్కా మొత్తం తడిసి ఒంటికి అతుక్కుపోయింది. వచ్చి బెంచీ ఆ చివర కూర్చొని నా చల్లారిన టీ తీసుకొని గడగడా తాగేశాడు.

"నా చేతికీ నిలబడినాయమ్మా," అన్నాడు. "గాలి ఆపితే నిలబడతాయి, ఏస్తే పోతాయి. ఎన్నిసార్లు సేసినా అంతే. మేడమ్‌ను పిలిచి సూపించినా. ఆయమ్మ ఆడనే కుర్చీ ఏసుకోని సూస్తాంది ఇంకా."

ఏడుపొచ్చింది. ఏడ్చాను, సిగ్గు లేకుండా, క్యాంటీన్ వాళ్ళు చూస్తుండగానే. అతను కదలకుండా ఖాళీ గ్లాసు పట్టుకొని కూర్చున్నాడు. నా ఏడుపు తగ్గాక తనే మొదలుపెట్టాడు.

"నీ రీడింగులన్నీ తీసుకోని ఆ మీటింగు అయినప్పట్నుంచి ఎతుకుతాండా. యాడన్నా ఒక్క అబద్ధం దొరుకుతాదేమో అని. నీ లెక్కలు నీకంటే నాకే బాగా తెలుసు ఇప్పుడు. ఒక్కటీ దొరకలే. దొరకలేదని ఆ పొద్దే మేడమ్‌కు సెప్పాల్సింది. సెప్పలే. ఇంకొంచెం ఎతుకుదామని ఊరికే ఉన్నా. అది నా తప్పే శోభా."

ఈ మనిషి కోసం నేను ఎన్ని తిట్లు సిద్ధం చేసుకున్నానో నీకు తెలియదు బావా. హాస్టల్ గదిలో అద్దం ముందు నిలబడి, ఎమ్మిగనూరు తిట్లు, ఆదోని తిట్లు, అన్నీ సాధన చేశాను. ఒక్కటీ గుర్తు రాలేదు. అన్ని రోజులు నా అబద్ధం కోసం వెతికి, దొరక్కపోయేసరికి దొరకలేదనే చెబుతున్నాడు. లోకంలో నన్ను అంత శ్రద్ధగా చదివినవాళ్ళు ఇంకెవరున్నారు? నువ్వు కూడా చదవలేదు.

"అన్నా," అన్నాను, "ఇకముందు కూడా నా రీడింగులు నువ్వే చూడు. ఏమైనా దొరికితే ముందు నాకు చెప్పు. తర్వాత మీటింగులో అందరికీ చెప్పు."

తల ఊపాడు. గ్లాసు పక్కన పెట్టి, లేవబోతూ ఆగాడు.

"ఆదోనిలో ఏదో కాలేజీలో రమ్మన్నారంట కదా. పోతావా?"

"రేపు పొద్దున షిఫ్టు నాది కదన్నా," అన్నాను.

నిన్ను అడగకుండానే నోట్లోంచి వచ్చేసింది బావా. వచ్చాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

నీ
శోభ